మూడు నీళ్లు, రెండు ఎండలు

పాత బట్టలకు పట్టిన సిగరెట్ వాసన వదిలించే పద్ధతి

ఉప్పల్, నాచారం గల్లీల్లో పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే ఆడవాళ్ల కేక ఇంకా వినబడుతూనే ఉంది. ఒక చీర, రెండు ప్యాంట్లు ఇస్తే ఒక గిన్నె. బేరం కుదరకపోతే ఇంకో చొక్కా. ఆ మూటలోని బట్టలు చినుగులు కుట్టించుకుని, ఇస్త్రీ పడి, ఏదో ఒక సంతలో పట్టా మీద మళ్లీ అమ్మకానికి వస్తాయి. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడకు పని కోసం కొత్తగా వచ్చినవాళ్లు, హాస్టల్ కుర్రాళ్లు, ఒక్క ఇంటర్వ్యూ కోసం కోటు కావాల్సినవాళ్లు వాటిని కొంటారు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే నేరుగా ఎర్రగడ్డ ఆదివారం సంతలో దిగొచ్చు. పురానాపూల్ వైపు జుమ్మెరాత్ బజార్ ఎలాగూ ఉంది. ఈమధ్య ఫోన్లోనే పాత బట్టలు చూపించి అమ్మే కుర్రకారూ తయారయ్యారు.

ధర బాగుంటుంది, గుడ్డ బాగుంటుంది. తొడుక్కుని బస్సెక్కి, చెమట పట్టాక అసలు సంగతి తెలుస్తుంది. ముక్కూ మొహం తెలియని మనిషి తాగిన సిగరెట్లన్నీ మన కాలరులోంచి పైకి లేస్తాయి. సర్ఫ్‌లో ఒకసారి ఉతికినా పోదు. సెంటు కొడితే సెంటూ సిగరెట్టూ కలిసి మూడో కంపు పుడుతుంది. చాలామంది ఆ బట్టను అక్కడితో వదిలేస్తారు. వదిలేయాల్సిన పని లేదు. నూలు బట్ట అయితే కిరాణా కొట్టులో దొరికే సామానుతో, శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి వాసన వదిలించొచ్చు. సామాను కన్నా వరస ముఖ్యం. ముందు ఎండ, తర్వాత పులుపు నీళ్లు, సోడా నీళ్లు, సబ్బు నీళ్లు, చివర మళ్లీ ఎండ. ఈ వరస ఎందుకో తెలిస్తే కొలతలు మీరే సర్దుకోగలరు.

బట్టలో ఏం కూర్చుంది?

హైదరాబాదుకు సిగరెట్ పాత చుట్టమే. 1930లో మొదలైన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ ఈ నగరంలోనే చార్మినార్ సిగరెట్లు తయారుచేసింది. ఉత్తర తెలంగాణ జిల్లాల్లో బీడీలు చుట్టి బతికే కుటుంబాలు ఎన్నో. సిగరెట్టయినా బీడీ అయినా బట్టకు చేసేది ఒకటే. బీడీ అయితే తునికాకు కాలిన ఘాటు అదనం.

పొగ గాల్లో కలిసిపోయినట్టు కనిపించినా, అందులోని పదార్థాలు సన్నటి పొరలా గోడలకీ పరదాలకీ బట్టలకీ అతుక్కుంటాయి. సిగరెట్ తాగే మనిషి బట్టలకే పడుతుందనీ లేదు. ఇంట్లో ఒకరు తాగితే అల్మరాలో మడతపెట్టిన భార్య చీరకూ పడుతుంది. ఆ పొరలో, ఉతికేవాడి లెక్క ప్రకారం, మూడు జాతులున్నాయి.

మొదటిది క్షార జాతి. నికోటిన్, దాని వెంట వచ్చే పిరిడిన్ రకాలు, అమ్మోనియా. సిగరెట్ వాసన అనగానే ముక్కుకు తగిలే ఆ పాతకంపులో పిరిడిన్ల వాటా పెద్దది. క్షారం ఆమ్లంతో కలిస్తే లవణం అవుతుంది. ఆ లవణం గాల్లోకి లేవదు, నీళ్లలో సులువుగా కరిగి పోతుంది. అందుకే పులుపు నీళ్లు.

రెండోది ఆమ్ల జాతి. ఫినాల్, క్రెసాల్, గ్వాయకాల్ లాంటివి. పొయ్యి దగ్గర కాలిన కట్టె వాసన వీటిదే. వీటిని పులుపు ఏమీ చేయలేదు. క్షారం కావాలి. అందుకే సోడా నీళ్లు.

మూడోది తారు. జిడ్డు. ఆమ్లానికీ లొంగదు, క్షారానికీ లొంగదు. జిడ్డును పట్టి నీళ్లలోకి లాగే సబ్బే దానికి మందు.

ఒక్క సర్ఫ్ నీళ్లతో ఉతికితే మూడో జాతి చాలావరకూ, రెండోది కొంతవరకూ పోతుంది. మొదటి జాతి మాత్రం బట్టలో చాలా మిగిలిపోతుంది. సర్ఫ్ నీళ్లు స్వతహాగా క్షారమే కాబట్టి నికోటిన్ లవణంగా మారదు, గాల్లోకి లేచే గుణం అలాగే ఉంటుంది. ఉతికిన బట్ట కూడా తడి తగలగానే మళ్లీ కంపు కొట్టడానికి ఇదే కారణం.

ఇది ముక్కుకు సంబంధించిన ఇబ్బంది మాత్రమే అయితే ఇంత కష్టపడక్కర్లేదు. అమెరికాలో లారెన్స్ బర్క్లీ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2010లో ఒక విషయం తేల్చారు. గదిలో పేరుకున్న నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారకమైన నైట్రోసమైన్లుగా మారుతుంది. ఆ నైట్రస్ ఆమ్లం గ్యాస్ పొయ్యిల నుంచీ వాహనాల పొగ నుంచీ వస్తుంది. ఉప్పల్ రింగ్ రోడ్డు పక్కన ఉండేవారికి ఈ రెండింటికీ కొదవ లేదు. 2022లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాస్త్రవేత్తలు పొగ పట్టిన బట్టల్ని సిగరెట్ అలవాటు లేనివాళ్లకు 3 గంటలు తొడిగి చూస్తే, చర్మవ్యాధులకు దారితీసే మార్పుల సూచికలు వాళ్ల శరీరంలో పెరిగాయి. పసిపిల్లల కోసం కొన్న బట్టల విషయంలో ఈ పద్ధతి మొత్తం పాటించాల్సిందే.

కొనేముందు

"అన్నా, ఇది ఉతికిందేనా?"

"ఇస్త్రీ చేసి పెట్టిన గదమ్మా, ఇంకేం గావాలె!"

ఇస్త్రీ చేసినంత మాత్రాన ఉతికినట్టు కాదు. సంతలో ఆరుబయట గాలికి ఏ బట్టయినా వాసన లేనట్టే ఉంటుంది. కాలరు లోపలి వైపు నోరు దగ్గర పెట్టి వెచ్చటి ఊపిరి రెండుసార్లు వదిలి, వెంటనే వాసన చూడండి. తేమ, వెచ్చదనం తగలగానే పొగ దాగలేదు. తర్వాత చంకలు, జేబుల లోపల, కోటయితే అస్తరు చూడండి.

మూడు వాసనల్ని విడివిడిగా గుర్తుపట్టాలి. కలరా ఉండల వాసనయితే ఉతకడం వృథా. ఆ మందు నీళ్లలో కరగదు, ఎండకూ గాలికీ తనంతట తానే ఆవిరైపోతుంది. బూజు వాసనయితే మరకలు కూడా చూడండి. నల్లచుక్కలు గుడ్డలోకి దిగి ఉంటే కొనకండి. సిగరెట్ వాసనయితే బేరం ఆడండి. అది పోయేదే.

తొడ మీద, పొట్ట దగ్గర, కుడి చేతి కఫ్ దగ్గర గుండ్రటి చిన్న రంధ్రాలున్నాయేమో వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అంచు గోధుమ రంగులో కాలి పొడిపొడిగా రాలితే నూలు. అంచు కరిగి గట్టిగా గుచ్చుకుంటే పాలియెస్టర్. నిప్పురవ్వ పడిన రంధ్రం పొగతాగిన చరిత్రనూ చెబుతుంది, లేబుల్ ఊడిపోయిన బట్ట ఏ గుడ్డో కూడా చెబుతుంది.

నూలు త్వరగా వదులుతుంది. పాలియెస్టర్ జిడ్డును పట్టుకుంటుంది కాబట్టి దానికి సబ్బు నీళ్ల దగ్గర ఓపిక కావాలి. జీన్సుకు నడుము పట్టీ దగ్గర, చొక్కాకు కాలరు దగ్గర లోపల ఇంకో గుడ్డ పెట్టి కుడతారు. వాసన చివరగా వదిలేది అక్కడే.

సామాను

రెండు బట్టలకు, ఒక్కో విడతకు సరిపడా:

తెల్ల వెనిగర్ 250 మిల్లీలీటర్లు. నూడుల్స్ బండి దగ్గర చూసే నీళ్లలాంటి వెనిగరే. అది లేకపోతే నిమ్మ ఉప్పు మూడు చెంచాలు. వెనిగర్ కన్నా నిమ్మ ఉప్పుకు రెండు లాభాలున్నాయి. దానికి తనదంటూ వాసన లేదు, బోరు నీటిలోని సున్నాన్ని కొంత కట్టేస్తుంది. చింతపండు మాత్రం వద్దు, మరక పడుతుంది.

చాకలి సోడా రెండు పెద్ద చెంచాలు. ఎక్కడ చూసినా వంట సోడా వాడమంటారు. అది మెత్తటి క్షారం, ఫినాల్ జాతిని కదిలించేంత బలం దానికి లేదు. చాకలి సోడాకు ఉంది. వంట సోడాను పొడిగా వాసన పీల్చడానికి ఉంచుకోండి.

మామూలు బట్టల పౌడరు. ఎంజైములున్న రకమైతే చెమట మరకలకూ పనికొస్తుంది.

రెండు బకెట్లు, చేతికి రబ్బరు తొడుగులు, ఒక మెత్తటి బ్రష్, దండెం, క్లిప్పులు.

నీళ్ల సంగతి ఒక మాట. ఈ ప్రాంతంలో చాలా అపార్టుమెంట్లలో బట్టలకు బోరు నీళ్లే దిక్కు. నల్లా మూతి మీద, బకెట్టు అంచు మీద తెల్లటి పెచ్చు కడుతోందంటే అవి ఉప్పు నీళ్లు. వాటిలో సబ్బు సగం సున్నంతో కలిసి గుడ్డ మీదే పేరుకుంటుంది. ఆ పేరుకున్న పొర కింద వాసన భద్రంగా ఉంటుంది. నానబెట్టడానికి బోరు నీళ్లు వాడినా, ఆఖరి జాడింపుకు మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో, నల్లా వచ్చిన రోజు పట్టి ఉంచిన రెండు బకెట్లు వాడండి.

1. జేబులు దులపడం, మొదటి ఎండ

శనివారం పొద్దున బట్టను తడపకండి. జేబులన్నీ బయటికి తిప్పి, మూలల్లో ఇరుక్కున్న పొగాకు పొడి, అగ్గిపుల్ల ముక్కలు బ్రష్‌తో దులపండి. ప్యాంటు కింది మడత విప్పండి. ఈ పొడి తడిస్తే గోధుమ రంగు మరక అవుతుంది, వాసనకు కొత్త ఊట అవుతుంది.

తర్వాత బట్టను తిరగేసి దండెం మీద వేయండి. పొగలోని తేలిక పదార్థాలు వేడికి, గాలికి లేచిపోతాయి. ఎండ ఎంత ముఖ్యమో గాలి అంతే ముఖ్యం. కాబట్టి బట్ట మీద బట్ట వేయకుండా విడివిడిగా ఆరేయండి. ఎండాకాలం డాబా మీద ఒక పూట చాలు. వానాకాలం అయితే గదిలో ఫ్యాను కింద ఒక రోజంతా. ముదురు రంగుల బట్టలు ఎండకు వెలుస్తాయి, రెండు మూడు గంటలకు తీసేయండి. పట్టు, ఉన్ని నీడలోనే.

ఎక్కడ ఆరేయాలన్నది ఈ ప్రాంతంలో ఆలోచించాల్సిన విషయమే. వరంగల్ రోడ్డు వైపు బాల్కనీ వద్దు. 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్–నారపల్లి పైవంతెన పనుల దుమ్ము ఎంతగా పడిందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పారిశ్రామికవాడ దగ్గర ఉండేవారు తెల్లవారుజామున ఆరేయకండి. రాత్రి నేల చల్లబడితే పొగ పైకి లేవలేక కిందే తిరుగుతుంది. తొమ్మిది, పది గంటలకు నేల వేడెక్కాక గాలి కదులుతుంది. అప్పుడు వేసి, పొద్దు వాలకముందే తీసేయండి.

2. రంగు పరీక్ష

లోపలి కుట్టు దగ్గర, బయటికి కనపడని చోట, నిమ్మ ఉప్పు నీళ్లలో ముంచిన తెల్లగుడ్డతో ఒత్తి చూడండి. వేరేచోట సోడా నీళ్లతో అలాగే చేయండి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ నీళ్లలో బట్టను నానబెట్టకండి, కాసేపు ముంచి తీయడంతో సరిపెట్టుకోండి. జరీ ఉన్నా, ఇత్తడి గుండీలున్నా పులుపు వాటిని పాడుచేస్తుంది. గుండీలు ఊడదీయొచ్చు. జరీని ఊడదీయలేం కాబట్టి జరీ చీరకు ఈ మూడు నీళ్ల పద్ధతి వద్దు.

3. మొదటి నీళ్లు: పులుపు

5 లీటర్ల చల్లని నీటిలో వెనిగర్ గానీ, నిమ్మ ఉప్పు గానీ కలపండి. రెండూ కలపాల్సిన పని లేదు. బట్టను తిరగేసే ఉంచి, మొత్తం మునిగేలా ముంచండి. గుడ్డలో గాలి బుడగలుంటే అక్కడికి నీళ్లు చేరవు. చేత్తో నొక్కి బుడగలు తీయండి. పైకి తేలకుండా ఒక పళ్లెం బోర్లించి బరువు పెట్టండి.

అరగంట నుంచి గంట ఉంచండి. మధ్యలో ఒకసారి పిసికి తిప్పండి. బాగా పొగ పట్టిన బట్టయితే నీళ్లు పసుపు, గోధుమ కలిసిన రంగుకు మారతాయి. ఆ నీళ్లు పారబోసి, అదే కొలతతో మళ్లీ కొత్త నీళ్లు కలపండి. నీళ్లలో రంగు దిగడం తగ్గేదాకా ఇలా చేయాలి. ఈ దశలో తొందరపడితే తర్వాత పనంతా వృథా. సోడా నీళ్లు తగిలాక, గుడ్డలో మిగిలిన నికోటిన్ మళ్లీ వాసన వచ్చే రూపంలోకి మారుతుంది.

తర్వాత రెండుసార్లు మంచినీళ్లలో జాడించండి. గట్టిగా మెలిపెట్టి పిండకండి, అరచేతులతో నొక్కితే చాలు. వెనిగర్ వాసన ఇంకా వస్తోందని కంగారు పడొద్దు. అది ఆరితే పోతుంది.

4. రెండో నీళ్లు: సోడా

5 లీటర్ల గోరువెచ్చటి నీటిలో చాకలి సోడా పూర్తిగా కరగనివ్వండి. గుళికలు అలాగే ఉండగా బట్ట వేస్తే, అవి కూర్చున్నచోట రంగు పోతుంది. చేతికి తొడుగులు వేసుకోండి. సోడా నీళ్లు చర్మంలోని జిడ్డునూ లాగేస్తాయి.

తెల్ల నూలు బట్టకు గంట, రంగు బట్టకు అరగంట. కాలరు, చంకలు, నడుము పట్టీ చేత్తో రుద్దండి. ఇక్కడా నీళ్లు పసుపెక్కుతాయి. ఒక్కోసారి పులుపు నీళ్ల కన్నా ఎక్కువే ఎక్కుతాయి. రెండో జాతి వదులుతోందని దానర్థం.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వెనిగర్, సోడా ఒకే బకెట్టులో పోస్తారు. బుసబుస పొంగుతుంది, ఏదో ఘనకార్యం జరుగుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుని, మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లే. ఆ పొంగు ఉత్త బొగ్గుపులుసు వాయువు. అందుకే ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో జాడింపు.

5. మూడో నీళ్లు: సబ్బు

సోడా నీళ్లలోంచి తీసిన బట్టను జాడించక్కర్లేదు, నీళ్లు నొక్కేస్తే చాలు. బట్టల పౌడర్లలో సోడా ఎలాగూ ఉంటుంది కాబట్టి రెండింటికీ వైరం లేదు. ఒక బకెట్టు నీళ్లు మిగులుతాయి.

పౌడరు పొట్లం మీద రాసిన కొలతే వేయండి. వాసన ఎక్కువుందని రెట్టింపు వేస్తే నురుగు పోక, జాడించలేక, ఆ సబ్బే గుడ్డలో మిగిలి కొత్త వాసన తెస్తుంది. నూలుకు గోరువెచ్చటి నీళ్లు. వాషింగ్ మెషీన్ ఉంటే ఇక్కడ వాడుకోండి. మొదటి రెండు నీళ్లూ బకెట్టులోనే కానిచ్చి, మూడోది మెషీన్‌లో. మిగతా ఇంటి బట్టలతో కలపకండి. పాలియెస్టర్ అయితే ఉతికే ముందు సబ్బు నీళ్లలో గంట నాననివ్వండి.

జాడింపు నురుగు పోయేదాకా. ఆఖరి బకెట్టు నల్లా నీళ్లలో అర చెంచా నిమ్మ ఉప్పు వేస్తే గుడ్డలో మిగిలిన సోడా చచ్చి, బట్ట బిరుసెక్కకుండా ఉంటుంది. సువాసన వేసే కండిషనర్లు ఈ విడతకు వద్దు. వాసన నిజంగా పోయిందో లేదో అవి తెలియనివ్వవు.

6. రెండో ఎండ

ఆదివారం పొద్దున, తిరగేసి ఆరేయండి. పూర్తిగా ఆరాక మంచి వైపు బయటికి తిప్పి ఇంకో గంట. చెమ్మ మిగిలిన బట్టకు ముక్క వాసన పడితే, అది సిగరెట్‌దా కాదా తేల్చుకోలేక మళ్లీ మొదటికొస్తారు. వానాకాలంలో గాలిలోని తేమకు బట్ట రెండు రోజులైనా ఆరదు. ఈ పనికి సంక్రాంతి నుంచి మృగశిర కార్తె దాకా మంచికాలం.

7. కవరు పరీక్ష

ఇస్త్రీకి ఇవ్వకముందే చేయాల్సిన పరీక్ష ఇది. ఆరిన బట్టను ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి రాత్రంతా ఉంచండి. పొద్దున మూతి తెరవగానే వాసన చూడాలి. మీ ముక్కు రెండు రోజులుగా ఆ వాసనకు అలవాటు పడి ఉంటుంది, ఇంట్లో ఈ పనిలో పాలుపంచుకోని వారితో చూపించండి. సిగరెట్ తాగేవాళ్లను మాత్రం అడగొద్దు.

వాసన ఘాటుగా, పాతకంపులా ఉంటే పులుపు నీళ్లకు మళ్లీ వెళ్లండి. కాలిన కట్టె వాసనలా ఉంటే సోడా నీళ్లకు. మొత్తం మూడూ మళ్లీ చేయనక్కర్లేదు. ఏమీ లేకపోతే బండి దగ్గర ఇస్త్రీకి ఇచ్చేయండి. వాసన ఉండగానే ఇస్త్రీ చేయిస్తే వేడికి ఆ కంపు లేచి దుప్పటికీ, పక్కనున్న మిగతా ఇళ్ల బట్టలకూ పడుతుంది.

నీళ్లకు ఆగని బట్టలు

పట్టు, ఉన్ని జంతువుల నుంచి వచ్చిన పోగులు. క్షారానికి పాడైపోతాయి. వాటికి చాకలి సోడా, మామూలు పౌడరు రెండూ నిషేధం. పులుపు నీళ్లు సగం కొలతలో పావుగంట, తర్వాత కుంకుడు రసం. పది, పన్నెండు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో నానబెట్టి, పిసికి, పలుచటి గుడ్డలో వడకట్టండి. కుంకుడు రసం స్వతహాగా కొంచెం పులుపు వైపే ఉంటుంది. జిడ్డు లాగుతుంది, పోగును చెరపదు. తెల్లపట్టుకు మాత్రం లేత రంగు పట్టే అవకాశం ఉంది, రసం పలుచగా చేయండి. ఉన్నిని దండెం మీద వేలాడేస్తే సాగిపోతుంది. తువ్వాలు మీద పరిచి నీడలో ఆరబెట్టాలి.

కోటును ఉతకలేం. భుజాల్లో, ఛాతీలో అట్ట, దూది, జిగురు ఉంటాయి. డ్రై క్లీనింగే దానికి దారి. అక్కడ వాడే ద్రావకాలు తారును బాగా కరిగిస్తాయి. ఇచ్చేటప్పుడు "సిగరెట్ వాసన" అని ప్రత్యేకంగా చెప్పండి, లేకపోతే మరకలు చూసి వదిలేస్తారు. డబ్బు దండగ అనుకుంటే ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. నాటకాల దుస్తులు చూసుకునేవాళ్లు చాలా దేశాల్లో, ఉతకలేని దుస్తుల మీద వోడ్కా, నీళ్లు కలిపి చల్లుతారు. ఆల్కహాలు వాసన పదార్థాలను కొంత కరిగించుకుని ఆవిరైపోతుంది. మనకు వోడ్కా అక్కర్లేదు. కరోనా నాటి నుంచి ఇంట్లో మిగిలిన, సువాసన లేని నీళ్లలాంటి శానిటైజర్ ఉంటే అస్తరు మీద పలుచగా చల్లండి. రంగు పరీక్ష తప్పనిసరి. పొయ్యి దగ్గర, దీపం దగ్గర ఈ పని చేయకండి.

తర్వాత కోటును పెద్ద డబ్బాలో, ఒక గిన్నెడు యాక్టివేటెడ్ కార్బన్‌తో కలిపి వారం పాటు మూసి ఉంచండి. చేపల తొట్లు అమ్మే దుకాణాల్లో ఫిల్టర్ కోసం ఇది దొరుకుతుంది. వంటబొగ్గుకు ఇంత పీల్చే శక్తి లేదు. తోలు జాకెట్టును వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరనిచ్చి, తోలుకు పూసే క్రీము రాయాలి. ఎండ తగిలితే పగుళ్లే.

చేయకూడనివి

వెనిగర్, నిమ్మ ఉప్పు ఉన్న నీళ్లలో బ్లీచింగ్ పౌడరు గానీ, ద్రవ బ్లీచ్ గానీ ఎన్నడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

సాంబ్రాణి పొగ పట్టించడం మన ఇళ్లలో మామూలే. కానీ ఒక పొగ ఇంకో పొగను తరమదు, దాని మీద కూర్చుంటుంది. కాఫీ పొడి, కలరా ఉండలు, అగరొత్తులు కూడా అంతే.

డ్రై క్లీనింగ్ షాపుల్లో పెట్రోలు వాష్ అంటారు కదా అని ఇంట్లో పెట్రోలు పట్టకండి. దుకాణాల్లో వాడే ద్రావకాలు వేరు, జాగ్రత్తలు వేరు. ఇంట్లో ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎప్పుడు వదిలేయాలి?

మూడు నీళ్లూ రెండు విడతలు అయ్యాక కూడా కవరు పరీక్షలో వాసన వస్తే, ఆ బట్టకు ఇక మీద నీళ్లు ఖర్చు పెట్టకండి. కాలరు లోపలి గుడ్డలోనో, అస్తరు వెనక జిగురులోనో పొగ ఇమిడిపోయి ఉంటుంది. చొక్కా అయితే దర్జీ దగ్గర కాలరు మార్పించండి, చాలాసార్లు దాంతో తీరిపోతుంది. కోటు అయితే అస్తరు మార్పించే ఖర్చు, కోటు కొన్న ధర పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఎక్కువసార్లు కోటే ఓడిపోతుంది.

పాత బట్టలు ఇచ్చేవాళ్లకూ ఒక మాట. స్టీలు గిన్నె కోసం మూటలో వేసే ముందు వాటిని ఒక్కసారి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి, ఉతికి ఇవ్వండి. సిగరెట్ తాగేవారు ఉన్న ఇల్లయితే తప్పకుండా చేయండి. మీకు అది ఒక గంట పని. ఆ చొక్కా వేసుకుని తొలిరోజు పనిలోకి వెళ్లే కుర్రాడు ఎవరి కంపో తాను మోయకుండా వెళ్తాడు.